తల వంచి చూసినా మారని నీలం

నమోదు 1

ఈ రోజు నుంచి గనిలో మూడో లెవెల్ తూర్పు వరుసలో రెక్కలు చూసే పని నాది. ఇన్నాళ్ళూ చూసిన సాంబక్కకు కళ్ళలో పొరలు వచ్చాయి. నీలానికీ ఆకుపచ్చకూ తేడా తెలిసినవాళ్ళు వరుసలో చాలామందే ఉన్నారు. చూసింది చూసినట్టు రాసేవాళ్ళు కావాలని కమిటీ నా గుమ్మం ముందుకు వచ్చింది. బడిలో ఫిజిక్స్ చెప్పి జుట్టు నెరిసినదాన్ని. సరేనన్నాను. నా తర్వాత ఈ పని చేసేవాళ్ళ కోసం అన్నీ వివరంగా రాస్తున్నాను. అర్థం కాలేదని ఎవరూ అనడానికి వీల్లేదు.

పని చిన్నదే. ప్రతి గుమ్మం మీద, పూర్వం మామిడాకులు కట్టే చోట, అద్దం లేని చిన్న చట్రంలో ఒక సీతాకోకచిలుక రెక్క ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దీపం పట్టుకుని ఒక్కో రెక్కనూ చూడాలి. నీలంగా ఉంటే 'నీలం' అని రాయాలి. ఆకుపచ్చకు తిరిగితే 'ఆకుపచ్చ' అని రాసి పక్కన కారణం రాయాలి. కారణం సాధారణంగా ఒక్కటే: చలిగొట్టంలోంచి మందు కారుతోంది. ఈ పాత గనిలో మనుషులు ఉడికిపోకుండా ఉంచేది ఆ మందే. దాని ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు. పెద్దవాళ్ళకు తలనొప్పి, మత్తు. కడుపులో ఉన్నవాళ్ళకు అంతకంటే చాలా ఎక్కువ. పడమటి వరుసలో పోయిన ఏడు పుట్టిన ఇద్దరు పిల్లలకు ఈనాటికీ ఏడవడం రాదు.

ఆకుపచ్చ అని రాస్తే వరుస మొత్తం ఇళ్ళు వదిలి మొదటి లెవెల్‌కు పోవాలి. అది ఎండకు మాడిపోయే పైనేలకు దగ్గర. పొయ్యి పక్కన కాదు, పొయ్యిలోనే కాపురం. గొట్టం బాగయ్యేదాకా అక్కడే ఉండాలి. అందుకే ఈ మాట ఎవరికీ వినాలని ఉండదు.

కొత్త రెక్కలు తెచ్చుకోవడానికి రెక్కల కొట్టుకు వెళ్ళాను. ఇంకోసారి లోపలికి రమ్మంటే ఈ పని మానేస్తాను. గోడల నిండా గొంగళిపురుగులు. తింటాయి, వేస్తాయి. వేస్తూనే తింటాయి. నేలంతా మిరియాలు పారబోసినట్టు వాటి పెంటికలు, చెప్పుల కింద చితుకుతున్నాయి. సీతాకోకచిలుకలు పూల మీద వాలుతాయని చిన్నప్పుడు చదువుకున్నాం. ఈ జాతికి పూలు అక్కర్లేదు. కుళ్ళి నురగ కక్కుతున్న అరటిపండ్ల మీద గుంపుగా కూర్చుని ఆ రసం పీలుస్తున్నాయి. అంత నీలం రెక్కలు ముడుచుకుని, అంత కుళ్ళులో మూతి పెట్టి. వీటి మీద పద్యాలు కట్టినవాళ్ళు వీటి భోజనం చూసి ఉండరు. చచ్చి రాలినవాటి రెక్కలే కోసి ఇస్తారట. అదొక్కటే కాస్త ఊరట.

కొట్టును చూసుకునేది పోశక్క. మోచేతుల దాకా అరటి కుళ్ళు కారుతున్న చేతులతోనే నాకు నమస్కారం పెట్టింది.

"ముక్కు మూసుకోకు టీచరమ్మా. ఈ గనిల గింత మంచిగాలి ఇంకేడ దొరకది. గాలిబాయిలకెళ్ళి దిగిన గాలి ముందుగాల ఈడికే వస్తది. జర్రంత మందు సోకినా నా పురుగులు సస్తయి, అందుకే చలిగొట్టం గోడ అవుతలనే ఆపిన్రు. ఊటనీళ్ళు గోడెంబడి కారి చల్లగుంటది."

"గాలి మంచిదే. అందులో ఉన్న కంపు ఎవరిది?"

"అది నాది," అని పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

ఇంటికి వచ్చి చీర రెండుసార్లు ఉతికాను.

నమోదు 2

అన్ని గుమ్మాలూ నీలం.

కొత్త రెక్క బిగిస్తుంటే ఎదురింటి ఎల్లుబాయి వచ్చి నిలబడింది. "ఇంత మంచి నీలం ఉత్తగ గుమ్మానికి పెడ్తున్నరు. పిండి చీరకు అద్దుకోవచ్చు గద?"

విరిగిన ముక్క ఒకటి ఆమె అరచేతిలో వేసి నలపమన్నాను. నలిపింది. మిగిలింది పెనం వెనక మసి లాంటి గోధుమరంగు పొడి.

"నీలమేది?"

"లేదు. ముందు కూడా లేదు."

"మరి నేను చూసిందేంది?"

చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఇది తెలియకుండా రెక్క చూడకూడదు. రెక్క మీద దుమ్ములా అంటేవి పొలుసులు. ఒక్కో పొలుసు మీద సన్నని గట్లు. ఒక్కో గట్టుకూ వంటింట్లో అటకల్లాగా ఒకదాని మీద ఒకటి పలకలు, పలకకూ పలకకూ నడుమ గాలి. వెలుగు పై అటక మీద కొంతా కింది అటకల మీద కొంతా తగిలి వెనక్కి వస్తుంది. అటకల మధ్య ఎడం సరిగ్గా ఎంత ఉందంటే, అలా వెనక్కి వచ్చిన వెలుగుల్లో నీలం నీలంతో కలిసి బలపడుతుంది. మిగతా రంగులు బలపడవు, వాటిని అడుగునున్న గోధుమరంగు మింగేస్తుంది. సబ్బు బుడగలో రంగు ఎవరూ కలపరు, అయినా కనిపిస్తుంది. ఇదీ ఆ కోవలోదే. అటకల సందుల్లోకి గాలికి బదులు చలిమందు ఆవిరి చేరితే ఆ లెక్క మారి నీలం స్థానంలో ఆకుపచ్చ బలపడి వెనక్కి వస్తుంది. మంచిగాలి తగిలితే ఆవిరి పోయి మళ్ళీ నీలం. దగ్గరగా పెట్టి ఊదితే ఊపిరిలోని తడికి కూడా క్షణం పాటు అంతే. అటకలు నలిగిపోతే ఇక ఏ రంగూ లేదు.

"అంటే అంత ఉత్త మాయనే."

"మాయ కాదు ఎల్లుబాయీ, అమరిక. వంటిల్లు సర్దినట్టు సర్ది ఉంటుంది."

"నా వంటింటి లెక్క సర్దితే గీ రెక్క నల్లగైతది పో," అని నవ్వుకుంటూ వెళ్ళింది.

ఇంకొక సంగతి. రెక్కను ఎదురుగా చూసి వదిలేయకూడదు. తల పక్కకు వంచి కూడా చూడాలి. వెలుగు నడిచే దారి మారుతుంది కాబట్టి నీలం ఊదాకు జారుతుంది. ఇంకా వంచితే ఆరిపోయి గోధుమ అవుతుంది. అలా జారితేనే అటకలు బాగున్నట్టు. నేను ప్రతి గుమ్మం దగ్గరా అలాగే చూస్తున్నాను. వరుసలో ఆడవాళ్ళు దీనికి 'కోడిచూపు' అని పేరు పెట్టారని తెలిసింది. పెట్టుకోనీ.

నమోదు 3

శుక్రవారం. గడపలకు పసుపు, గుమ్మాలకు నూనె. కాళ్ళ కింద జిడ్డు, గోడల మీద జిడ్డు, తలుపు గడియ పట్టుకుంటే జిడ్డు. ఆ చేతులతోనే రెక్క చట్రానికి బొట్టు పెట్టబోతున్న ఇద్దరిని ఆపి కసిరాను. ఆడవాళ్ళకు కోపం వచ్చింది. రానీ.

రెక్కకు నూనె తగిలితే ఏమవుతుందో ఈ వరుసకు తెలియంది కాదు. అటకల సందులు నూనెతో నిండి రెక్క ఆకుపచ్చ అవుతుంది. గాలిలో ఏమీ లేకపోయినా అవుతుంది, మళ్ళీ తిరిగి రాదు. ఇరవై మూడేళ్ళ కిందట ఒక ముసలామె భక్తి కొద్దీ రెక్కకు నువ్వులనూనె రాసింది. రెక్క ఆకుపచ్చ అయింది. సాంబక్క రాసింది. వరుస అంతా మొదటి లెవెల్‌కు పోయింది. నా కూతురు మందార అప్పుడు నిండు చూలాలు. ఆ వేడిలో కాన్పయింది. బిడ్డ బతికింది, మందార బతకలేదు. ఆ తర్వాత సాంబక్క కారణం దిద్దింది: నూనె.

ఆ బిడ్డే నా మనవరాలు తొలకరి. నేల మీద వాన చూడని తరం పిల్లలందరికీ వానల పేర్లే పెట్టారు. ఇప్పుడు దానికి తొమ్మిదో నెల. భర్త ఓదెలు నాలుగో లెవెల్ పంపుల దగ్గర పని, వారానికొకసారి వస్తాడు. మిగతా రోజులు నేనూ అదీ.

నూనె సంగతి తర్వాత వచ్చిన నియమం కూడా రాస్తున్నాను: ఒక్కసారి చూసి ఆకుపచ్చ అని రాయకూడదు. సాయంత్రం చూసింది మర్నాడు పొద్దున కూడా అలాగే ఉంటేనే రాయాలి.

నమోదు 6

అన్నీ నీలం.

వరుస పెద్ద రాజలింగు వచ్చాడు. నోటి నిండా ఆకూ వక్కా. మాట్లాడితే ఎదుటివాళ్ళ మీద ఎర్రటి తుంపర్లు పడతాయి. నేను రెండు అడుగులు వెనక్కి జరిగి విన్నాను.

"టీచరమ్మా, ఇంకో వారం గిట్లనే నీలం రాస్తే మనది నీలివరుస అయితది. ఏడాది మొత్తం ఒక్క ఆకుపచ్చ లేని వరుస. వరుస మొగదాల ఇత్తడి పలక కొడ్తరు. ఇంటింటికి చల్లదనం పెంచుతరు."

"రెక్క నీలంగా ఉంటే నీలమే రాస్తాను."

"గదే అంటున్న. నీ చేతిల ఉంది."

"రెక్కలో ఉంది. నా చేతిలో పెన్సిల్ ఉంది."

అతను నవ్వి ఆకురసం గోడ వారకు ఉమ్మాడు. గోడ వారకు! "ఆ రోజు దావత్ చేస్తున్న. అసలు ఈతకల్లు. నేల మీద ఇంకా పానంతోటి ఉన్నయంటే ఈతచెట్లే గదా. పొద్దుపొడవక ముందే దింపిస్తున్న."

"మూడు లెవెళ్ళు దిగి, దావతు దాకా ఉండేసరికి పులిసి పురుగులు పడుతుంది."

"పులవది. దానికి ఉపాయం చేసిన," అని కన్నుకొట్టాడు. ఈ వయసులో నాకు కన్నుకొట్టేవాడు దొరికాడు. ఆ ఎర్రటి మరకను నేనే బూడిద పోసి కడిగాను.

నమోదు 9

సాయంత్రం. మా గుమ్మం మీది రెక్క కింది అంచు ఆకుపచ్చ. దీపం మార్చి చూశాను, ఆకుపచ్చే. పక్కింటిది కూడా కొద్దిగా. ఆపైన రాజలింగు ఇంటి వైపు వెళ్ళే కొద్దీ ఇంకా స్పష్టం.

రాజలింగును పిలిచి చూపించాను. "నూనె," అన్నాడు, చూడకుండానే. "రేపటి శుక్రారానికి నూనె పెడ్తున్నరు గద. ఆడోళ్ళ చేతులు ఊకుంటయా?"

నూనె అవునో కాదో తేల్చుకోవడం కష్టం కాదు. నూనె పట్టిన రెక్కను ఎక్కడికి తీసుకుపోయినా ఆకుపచ్చే. ఆవిరి పట్టిన రెక్క మంచిగాలిలో తేరుకుంటుంది. మా గుమ్మం మీది రెక్కను పట్టకారుతో తీసి నా కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని, దాని స్థానంలో నా దగ్గర మిగిలిన ఒక్క కొత్తదాన్నీ బిగించి, పైనుంచి గాలి దిగే గాలిబావి దాకా నడిచాను. దూరమే, మోకాళ్ళు సహకరించవు. అక్కడ పెట్టె తెరిచి గాలికి పట్టాను. చూస్తూండగానే ఆకుపచ్చ పలచబడి, అంచు దాకా నీలం అయింది. తల వంచి చూశాను. ఊదా.

నూనె కాదు. మందు. తొమ్మిదో నెల మనవరాలు రోజూ పడుకునే గదిలో మందు.

ఇంటికి వచ్చేసరికి వరుసలో దీపాలు తగ్గించేశారు. తొలకరి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నియమం ప్రకారం పొద్దున మళ్ళీ చూసి రాయాలి.

నమోదు 10

పొద్దున అన్ని గుమ్మాలూ నీలం. మామూలు నీలం కాదు, పెళ్ళిపందిరి నీలం. ఆడవాళ్ళు వాకిళ్ళలో నిలబడి నన్నే చూస్తున్నారు. ఒక్కరూ పలకరించలేదు.

మా గుమ్మం ముందు నిలబడి తల వంచాను. నీలం. ఇంకా వంచాను. నీలం. మెడ పట్టేసేంత వంచాను. అదే నీలం, ఊదాకు జారదు, ఆరదు, కదలదు. పంచదార బొమ్మ మీద పూసిన రంగులా మందంగా, మొద్దుగా ఉంది. ముక్కు దగ్గరగా పెడితే నీళ్ళ టబ్బులకు వేసే పెయింటు కంపు.

పక్కింటిది చూశాను. ఎల్లుబాయి ఇంటిది చూశాను. చివరిదాకా వెళ్ళి చూశాను. అన్నింటికీ పూశారు. నేను గాలిబావికి వెళ్ళిన ఆ కాస్త సేపట్లో, వరుస మొత్తం ఒక డబ్బా, ఒక కుంచె పెట్టుకుని, తమ గుమ్మం మీద ఉన్న కన్నును తామే పొడుచుకున్నారు. అటకల నిండా పెయింటు. ఇప్పుడు మందు వరదలా వచ్చినా ఆ రెక్కలు నీలంగానే నవ్వుతూ ఉంటాయి. రెక్కల కొట్టులో పురుగులను చూసినప్పుడు కూడా ఇంత రోత కలగలేదు. పురుగు తన పెంటను తెచ్చి గుమ్మానికి అలంకరించుకోదు.

ఇంట్లోకి వచ్చాను. తొలకరి గంజి తాగుతోంది. గిన్నె పట్టుకున్న చేతి గోళ్ళ సందుల్లో నీలం.

"మన గుమ్మం నువ్వే పూశావా?"

అది తల ఎత్తలేదు. "అందరు పూసిన్రు అమ్మమ్మా. రాజలింగు మామ డబ్బ తెచ్చిండు."

"అందరి సంగతి అడగలేదు."

"ఆ, నేనే పూసిన." గిన్నె కింద పెట్టింది. "నువ్వు ఆకుపచ్చ అని రాస్తే నన్ను మీదికి తోల్తరు. మా అమ్మ ఏడ సచ్చిందో గాడికే. నేను పోను. ఈ మందుకు సస్తనో సావనో తెల్వది. ఆ వేడికైతే సస్తరని నాకు తెలుసు. ఏటేటా నువ్వే చెప్పినవు గదా, తద్దినం పెట్టినప్పుడల్లా."

"నీ సంగతి సరే. లోపలున్నదాని సంగతో? పడమటి వరుస పిల్లలను చూశావా?"

"చూసిన! ఊకె అడగకు. అటు పోతే నేను, ఇటుంటే ఇది. నువ్వు పెద్ద చదువు చదివినవు గదా, ఏది రాస్తవో రాసుకో."

సబ్బూ పీచూ ఇచ్చి గోళ్ళు తోముకోమన్నాను. తోముకుంటూ ఏడ్చింది.

వరుసలో నిజమైన రెక్క ఇప్పుడు ఒక్కటే, నా కళ్ళజోడు పెట్టెలో ఉన్నది. దాన్ని పట్టకారుతో పట్టుకుని చలిగొట్టం వెంట నడిచాను. మా ఇంటి దగ్గర అంచు ఆకుపచ్చ. ఎల్లుబాయి ఇంటి దగ్గర సగం. రాజలింగు ఇంటి వెనక గోడ దగ్గర రెక్క మొత్తం లేతాకు రంగు. అడగకుండానే తలుపు తోశాను. రాజలింగు నా వెనకే వచ్చాడు.

వెనక గదిలో తడి గోనెసంచులు కప్పిన కల్లు కుండలు, వరసగా. చలిగొట్టానికి కంత పెట్టి, అందులోంచి ఒక రాగి గొట్టం లాగి, కుండల చుట్టూ పాములా చుట్టాడు. ఇదీ ఉపాయం. కంత చుట్టూ గుడ్డపీలికలు, వాటి మీద ఎర్రగా ఒక ముద్ద. దీపం దగ్గరగా పెట్టి చూసి వెంటనే వెనక్కి తీశాను.

"రాజలింగూ, ఇది నువ్వు నమిలిందేనా?"

"ఆ... జర్ర సున్నం ఎక్కువేసి నమిలిన టీచరమ్మా, గట్టిగ పడ్తదని."

నమిలిన ఆకువక్క. మూడో లెవెల్ తూర్పు వరుసలో ఊపిరి తీసే ప్రతి ప్రాణికీ, పుట్టబోయే ప్రాణికీ, ఆ మందుకూ నడుమ అడ్డంగా ఉన్నది ఇతని నోట్లోంచి తీసిన ముద్ద.

"ఎప్పటి నుంచి?"

"వారం గాలేదు. దావత్ కోసమే గదా. కారుతదనుకోలే." గొంతు తగ్గించాడు. "ఇయ్యాల్నే పీకేస్త. దగ్గరుండి మట్టి పెట్టిస్త. నువ్వు రాయకు. రాస్తే పిల్లల్తోటి అందరం మీదికి పోవాలె. నీ మనుమరాలు సుత పోవాలె. జర సోంచాయించు. తెలిసి తెలిసి ఆ పిల్లను మల్ల గాడికే పంపుతవా?"

అతని నోటి కంపును మించి ఆ మాటలోని నిజం నన్ను బాధించింది. గొట్టం మూసినా గదుల్లో నిండిన మందు ఎప్పటికి పోతుందో చెప్పే రెక్క ఒక్క గుమ్మానికీ లేదు, అన్నింటినీ చంపేశారు. రాయకపోతే తొలకరి ఆ గాలిలోనే కంటుంది. రాస్తే వాళ్ళమ్మ కన్నచోట కంటుంది.

పెట్టెలో రెక్కను చూశాను. ఇది నిన్న నీలంగా మారింది గాలిబావి దగ్గర. ఆ గాలి ముందుగా ఎక్కడికి పోతుంది? ఎవరు చెప్పారు నాకు ఆ మాట, పళ్ళన్నీ బయటపెట్టి?

అక్కడ మందూ లేదు, వేడీ లేదు. తప్పదనుకున్నాను. ముక్కుకు కొంగు కట్టుకుని రెక్కల కొట్టుకు నడిచాను.

పోశక్క నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంది టీచరమ్మా, మల్ల రానంటివట?"

"నా మనవరాలికి తొమ్మిదో నెల. కాన్పయ్యేదాకా దీన్లో ఉండనిస్తావా?"

నవ్వు పోయింది. "మందార బిడ్డ గదూ? ఉండనిస్త. కాని ఈడ ఉత్తగ కూసునుడు నడవది. పిల్ల పండుకోనీ, నువ్వు పని చెయ్యాలె. పెంటికలు ఊడ్వాలె, కుళ్ళు పండ్లు పిసికి పెట్టాలె. ఒంటికి నూనె లేదు, తలకు నూనె లేదు, పసుపు లేదు. నా రెక్కలకు అంటితే ఊకోను."

నూనె వద్దని నాకు చెబుతోంది ఈమె. మిగతావాటికి కూడా తల ఊపాను.

తిరిగి వచ్చి వరుస మధ్యలో నిలబడి, అందరూ చూస్తుండగా రాశాను. రంగు: ఆకుపచ్చ. కారణం: రాజలింగు ఇంట్లో చలిగొట్టానికి కంత, కల్లు చల్లబరచడానికి. రాసింది పైకి చదివాను. ఎల్లుబాయి రాజలింగు వైపు తిరిగి, "నీ కల్లు కుండల మన్నుపడ!" అని మొదలుపెట్టింది. మిగిలినదంతా ఇక్కడ రాయదగినది కాదు.

నమోదు 12

వరుస మొదటి లెవెల్‌లో ఉంది, నేనూ తొలకరీ రెక్కల కొట్టులో. రాజలింగు కల్లు కూడా అక్కడే ఉంది, పులిసి నురగ కక్కుతోందట. పెయింటు పూసిన రెక్కలన్నీ పీకించాను. కొత్తవి కోసేంతగా ఇక్కడ సీతాకోకచిలుకలు ఇంకా చావలేదు, ఆగాలి.

నేను పెంటికలు ఊడ్చాను. ఊడ్చినచోటే మళ్ళీ పడ్డాయి. అరటిపండ్లు పిసికాను. గోళ్ళలో దూరిన కంపు సబ్బుకు పోదు. భోజనం చేస్తుంటే పైనుంచి ఏదో కంచంలో రాలింది. ఏమిటో చూడకుండా కంచం పక్కన పెట్టేశాను. తొలకరి నన్ను చూసి నవ్వింది, చాలా రోజుల తర్వాత.

"అమ్మమ్మా, నీ కొప్పు మీద ఒకటి కూసుంది."

"తియ్యి."

"ఉండనియ్. మంచిగుంది."

"తియ్యమన్నానా!"

తియ్యలేదు. ఆ సీతాకోకచిలుక కొప్పు మీదే విసర్జించి ఎగిరిపోయింది. 

కళ్ళజోడు పెట్టెలోని రెక్కను మూలమూలకూ పట్టి చూశాను. నీలం. తల వంచితే ఊదా. కంపు ఎంత ఉన్నా గాలిలో మందు లేదు.

నమోదు 17

పొద్దున తొలకరికి నొప్పులు. ఓదెలుకు కబురు పంపాం, లిఫ్టు కోసం ఆగి ఉన్నాడని తెలిసింది. మంత్రసాని మొదటి లెవెల్‌లో వరుసతో పాటే ఉండిపోయింది. పోశక్కే ముందుకు వచ్చింది, నలుగురిని పుట్టించిన చేతులట. ఆ చేతులను నేను మూడుసార్లు సబ్బుతో కడిగించాను, నాలుగోసారి కూడా కడిగించాను. "పిల్ల బయటికొచ్చి నన్ను గుర్తువడ్తదా ఏంది, వాసన జూసి," అని గొణిగింది.

మధ్యాహ్నానికి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు.

పోశక్క కాళ్ళు పట్టుకుని వీపు చరిచింది. ఏడవలేదు. నోట్లో వేలు పెట్టి తీసింది. ఏడవలేదు. మందు పీల్చిన ఆ రోజులూ, పడమటి వరుస పిల్లలూ గుర్తొచ్చి బిడ్డ మీదికి వంగాను. బిడ్డ ఛాతీ కదులుతోందో లేదో ఈ కళ్ళకు ఆనలేదు. తొలకరి తల ఎత్తడానికి చూస్తోంది. "ఏడుస్తలేదు. ఎందుకేడుస్తలేదు?"

కళ్ళజోడు పెట్టె తెరిచాను. పట్టకారుతో రెక్కను తీసి బిడ్డ ముక్కు ముందు పట్టాను.

నీలం.

నీలం.

పోశక్క నా వైపు చూస్తోంది. పైన పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు.

"అమ్మమ్మా, ఏం రంగు?"

నీలం. తర్వాత, ముక్కుకు దగ్గరగా ఉన్న అంచు మీద, అటకల సందుల్లోకి ఏదో చేరినట్టు, ఒక సన్నటి ఆకుపచ్చ గీత. అది పోయి నీలం. మళ్ళీ ఆకుపచ్చ.

"ఆకుపచ్చ," అన్నాను. "ఆకుపచ్చ, బిడ్డా."

పోశక్క ఇంకొకటి చరిచింది. ఈసారి ఆ పిల్ల ఏడ్చింది, రాజలింగు మీద ఎల్లుబాయి అరిచినంత గట్టిగా. రెక్కల కొట్టులో ఉన్న సీతాకోకచిలుకలన్నీ ఒక్కసారిగా లేచి, మా అందరి మీదా తమ పొలుసులూ, తమ పెంటా రాల్చాయి. ఛీ.

బొడ్డు కోశాక, చేతులు కడుక్కుని, ఈ పూట నమోదు రాస్తున్నాను.

రెక్కలు: ఒకటి. రంగు: ఆకుపచ్చ, వెంటనే నీలం, మళ్ళీ ఆకుపచ్చ. కారణం: ఊపిరి.